లినక్స్ ల్యాప్‌టాప్ స్లీప్‌లో ఉన్నా తెల్లారేసరికి బ్యాటరీ ఎందుకు దిగిపోతోంది?

చాలాసార్లు కారణం స్లీప్ రకమే. ఎస్2ఐడిల్ (s2idle) అనే తేలికపాటి స్లీప్‌లో ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది తప్ప పవర్ పూర్తిగా ఆగదు. ఒక్క డివైస్ సరిగా నిద్రపోకపోయినా ఛార్జింగ్ తగ్గుతూనే ఉంటుంది. డీప్ (deep) అనే గాఢమైన స్లీప్‌లో అయితే ర్యామ్‌కు తప్ప దాదాపు అన్నిటికీ పవర్ ఆగిపోతుంది.

సిస్ ఫోల్డర్‌లో పవర్ కింద ఉండే మెమ్_స్లీప్ ఫైల్ (/sys/power/mem_sleep) చూడండి. చదరపు బ్రాకెట్లలో ఉన్నదే ఇప్పుడు వాడుతున్న రకం. అందులో డీప్ కూడా కనిపిస్తే, రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) ఆ ఫైల్‌లో డీప్ అని రాసి ఒక రాత్రి పరీక్షించండి. రీబూట్ చేస్తే పాత సెట్టింగే వస్తుంది, టెన్షన్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ మామూలుగా లేస్తోందని నమ్మకం కుదిరాకే కెర్నల్ పారామీటర్లలో (బూట్ అయ్యేటప్పుడు లినక్స్‌కు ఇచ్చే సెట్టింగ్‌లలో) మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్ (mem_sleep_default=deep) చేర్చండి.

డీప్ లేని కొత్త మోడళ్లలో ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. అప్పటికీ దిగుతుంటే హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లో దాచి ఆఫ్ చేయడం) మేలు; దానికి తగినంత స్వాప్ (ర్యామ్‌లోది దాచడానికి డిస్క్‌లో కేటాయించిన చోటు) ఉండాలి.