నలుగురు కలిసి దూరం బయలుదేరేటప్పుడు

బెంగళూరు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోనులో మీ మోటార్ సైకిలు ప్రయాణం గురించి అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పి ఉండవచ్చు గాని, ఇది నీతో వచ్చే మిగతా ముగ్గురూ కూర్చుని చదవవలసిన విషయం కనుక ఉత్తరంగా రాస్తున్నాను. ఇరవై నాలుగు గంటల్లో వెయ్యి మైళ్ళు, అంటే సుమారు 1,610 కిలోమీటర్లు నడిపి, అమెరికాలోని ఐరన్ బట్ అసోసియేషన్ అనే దూరప్రయాణ మోటార్ సైకిలు సంఘం ఇచ్చే శాడిల్‌సోర్ సర్టిఫికెట్ సంపాదించాలన్న మీ కోరిక నాకు బాగా అర్థమవుతుంది. మీరు ఎంచుకున్న దారి కూడా మంచిదే. హైదరాబాదు వైపు వెళితే ఔటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు కనుక ఊరి మధ్య నుంచి పోవలసి వస్తుంది. 48వ నంబరు జాతీయ రహదారి మీద పుణె దాకా పోయి వెనక్కి తిరిగితే ఆ బాధ ఉండదు, రానుపోను దాదాపు 1,680 కిలోమీటర్లు అవుతుంది.

అయితే ముందు లెక్క చూడండి. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద మోటార్ సైకిలుకు 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఒక్క క్షణం కూడా ఆగకుండా, ఎక్కడా బ్రేకు వేయకుండా అదే వేగంతో పోయినా 1,610 కిలోమీటర్లకు ఇరవై గంటలు దాటుతుంది. బెంగళూరు శివారులోని నేలమంగల దాటే సరికే ఎంత సమయం పోతుందో, బంకుల దగ్గర, భోజనం దగ్గర, సర్టిఫికెట్‌కు రుజువుగా రసీదులు భద్రపరచుకునే దగ్గర ఎంత పోతుందో మీకు తెలియనిది కాదు. కాబట్టి మన రోడ్ల మీద ఆ సర్టిఫికెట్ కావాలంటే గంటల తరబడి వేగ పరిమితి దాటాలి, లేకపోతే విశ్రాంతికి ఉంచుకున్న సమయాన్ని తినేయాలి, చాలామంది రెండూ చేస్తారు. అందుకే ఈసారికి గడియారాన్ని పక్కన పెట్టి, ఒక రోజు పుణె చేరి, రాత్రి కంటినిండా నిద్రపోయి, మరునాడు తిరిగి రమ్మని నా సలహా. రోజుకు 840 కిలోమీటర్లు బండి మీద కూర్చోవడం కూడా చిన్న విషయం కాదు, అది మీ నలుగురికీ ఒకరి నడక ఒకరికి తెలియజేస్తుంది.

ఈ మాట ఎందుకింత గట్టిగా చెబుతున్నానో కూడా రాస్తాను. 2008లో మేము నలుగురం హైదరాబాదు నుంచి రాత్రంతా నడుపుకుంటూ వస్తున్నాము. గుత్తి దాటాక, తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో, నా కళ్ళు తెరిచే ఉన్నాయి గాని నేను నిద్రపోయాను. రోడ్డు అంచున ఉండే తెల్లగీత మెల్లగా నా ముందు చక్రం కిందికి వచ్చింది. ఆ గీత కదులుతోందని అనుకున్నానే తప్ప నేను పక్కకు పోతున్నానని నాకు తోచలేదు. వెనక వస్తున్న స్నేహితుడు హారన్ ఆపకుండా కొట్టబట్టి మెలకువ వచ్చింది. ఆ తరువాత టీ కొట్టు బల్ల మీద కూర్చుంటే చేయి వణికి టీ సగం గ్లవ్స్ మీదనే ఒలికింది. నిజానికి కర్నూలు దాటినప్పటి నుంచే నాకు మగతగా ఉంది. నా ఒక్కడి కోసం ముగ్గురు ఆగాలా అన్న మొహమాటంతో నోరు విప్పలేదు.

కనుక బయలుదేరే ముందే మీ నలుగురూ ఒక ఒప్పందానికి రావాలి. ఎవరైనా సరే, "నాకు నిద్ర వస్తోంది" అంటే, ఎందుకు, ఇంకెంత దూరం అని అడగకుండా, దగ్గరలో వెలుతురున్న బంకులో అందరూ ఆగిపోవాలి. ఆ మాట చెప్పినవారిని అప్పుడు గాని, ఇంటికి వచ్చాక గాని ఒక్కరూ ఎగతాళి చేయకూడదు. టీ తాగితే నిద్రమత్తు వదులుతుందనుకోకండి. అది పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది, పైగా నిద్ర బాకీని తీర్చేది నిద్రే. హెల్మెట్ తీసి, బూట్లు వదులు చేసుకుని, ఇరవై నిమిషాలు పడుకుంటే మనిషి మళ్ళీ మనిషి అవుతాడు. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు దాకా, మధ్యాహ్నం భోజనం అయ్యాక రెండు గంటలపాటు శరీరం తనంతట తానే వాలిపోతుంది కనుక ఆ వేళల్లో మరీ జాగ్రత్త. శుక్రవారం ఆఫీసు ముగించుకుని అదే రాత్రి బయలుదేరే ఆలోచన ఉంటే మానుకోండి. శనివారం విశ్రాంతి తీసుకుని, తొమ్మిదింటికల్లా పడుకుని, ఆదివారం అయిదింటికి బండి తీయండి, సోమవారం సెలవు పెట్టుకోండి.

వరుస గురించి ఒక మాట. ముందు నడిపేవాడు వేగంగా పోయేవాడు కాక అద్దం చూసే అలవాటున్నవాడై ఉండాలి. అందరిలోకీ అనుభవం తక్కువున్నవారిని రెండో స్థానంలో ఉంచితే గుంపు వేగం వారి వేగమే అవుతుంది, అదే కావలసింది. చివరి బండి బాగా నడపగలిగినవాడిది కావాలి, పంక్చర్ కిట్, పనిముట్లు, మందుల సంచీ అతని దగ్గరే ఉండాలి. ఒకరి వెనక ఒకరు కాక, ఎడమ కుడిగా, కనీసం రెండు సెకన్ల ఎడంతో పొండి. ముందువాడు లారీని దాటాడని వెనకవారు గుడ్డిగా దాటకూడదు, ప్రతివారూ తమ కంటితో చూసుకునే దాటాలి. విడిపోతే కంగారు పడి తరుముకుంటూ రావద్దు. ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకుని ఉంటారు కనుక అక్కడే కలుస్తారు. చిత్రదుర్గ దగ్గర గాలిమరలు కనిపించినప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీద సడలించి పట్టుకోండి. లారీ చాటున ఉన్నంతసేపు ఏమీ తెలియదు, దాని ముందుకు రాగానే గాలి బండిని పక్కకు తోస్తుంది.

మిగతావి మీకు తెలిసినవే. దాహం వేయకముందే నీళ్ళు తాగాలి, చెవుల్లో ప్లగ్స్ పెట్టుకుంటే గాలి హోరుకు వచ్చే అలసట బాగా తగ్గుతుంది, టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. జాతీయ రహదారి మీద ఏ అవసరం వచ్చినా 1033కు ఫోన్ చేయాలి.

ప్రయాణానికి ముందే, వచ్చే ఆదివారం పొద్దున నాలుగు బండ్లూ మా ఇంటికి తీసుకురండి. చైన్ బిగువు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ కేబుల్ నేనే దగ్గరుండి చూస్తాను, నీ బండి వెనక టైరు మీద నాకు పోయినసారే అనుమానం కలిగింది. పెద్దమ్మ మీ నలుగురికీ పెసరట్టు ఉప్మా చేస్తానంటోంది.

మీ పెదనాన్న