మనవడు ఆడుకోవడానికి వెళ్ళే ఇంట్లో గన్ ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు టెక్సాస్‌లో డల్లాస్ దగ్గర ఉంటారండీ. మనవడికి ఏడేళ్ళు. వాడిని ఫ్రెండ్ ఇంటికి ఆడుకోడానికి పంపే ముందు వాళ్ళమ్మకి ఫోన్ చేసి మీ ఇంట్లో గన్ ఉందా, లాక్ చేసి పెడతారా అని అడుగుతుందట, వింటేనే నాకు సిగ్గేసింది. పైగా జూన్‌లో ఆరెంజ్ టీషర్ట్ వేసుకుని కొవ్వొత్తి పట్టుకుని ఫోటో పెట్టింది, గన్ చట్టాలు మార్చాలట. పరాయి దేశంలో మనకెందుకీ గొడవలంటే వినదు. మీరైనా చెప్పండి.
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి నేనేం చెప్పను, ఆ పిల్ల చేసేదే కరెక్టు. మన దగ్గర పసివాణ్ణి ఎవరింటికైనా పంపితే కుక్కని కట్టేశారా, సంపు మూత వేసి ఉందా అని అడగమా? ఇదీ అంతే. అమెరికాలో 2020 నుంచి పిల్లలు, టీనేజర్లు చనిపోవడానికి మొదటి కారణం తుపాకులే, రోడ్డు యాక్సిడెంట్ల కన్నా ఎక్కువ. పెద్దవాళ్ళు లోడ్ చేసి సొరుగులో పెట్టుకున్నది పిల్లాడి చేతికి దొరకడం, బొమ్మనుకుని నొక్కేయడం, అలా పోయిన ప్రాణాలు కూడా అందులో ఉన్నాయి.

ఆ ఆరెంజ్ రంగు వెనక ఒక పిల్ల ఉందమ్మా. హడియా పెండిల్టన్, షికాగో, 15 ఏళ్ళు. 2013 జనవరిలో ఒబామా ప్రమాణ స్వీకారం వేడుకల్లో స్కూల్ టీంతో పాల్గొని వచ్చింది, పది రోజులు కూడా కాకముందే పార్కులో ఫ్రెండ్స్‌తో నిలబడి ఉంటే ఇంకెవరో అనుకుని కాల్చేశారు. వేటకెళ్ళేవాళ్ళు ఒకర్నొకరు పొరపాటున కాల్చుకోకుండా ఆరెంజ్ వేసుకుంటారు కదా, మమ్మల్నీ కాల్చకండి అని ఆ స్నేహితులు అదే రంగు ఎంచుకున్నారు. ఆమె పుట్టినరోజు జూన్ 2, అందుకే ఏటా జూన్ మొదటి శుక్రవారం అందరూ ఆ రంగు వేసుకుంటారు.

మనకెందుకు అన్నారు. 2017లో కాన్సాస్ బార్‌లో మన తెలుగు ఇంజినీర్ని కాల్చి చంపారు. 2023 మేలో అలెన్ మాల్‌లో పోయిన 8 మందిలో మన హైదరాబాద్ అమ్మాయి ఉంది, అలెన్ అంటే డల్లాస్ పక్కనే, మీ అమ్మాయి షాపింగ్‌కి వెళ్ళే దూరమే. అక్కడ గన్ షాపులో కొంటేనే కొనేవాళ్ళ మీద పాత నేరాలేమైనా ఉన్నాయా అని చెకింగ్, తెలిసినవాళ్ళ దగ్గర ప్రైవేటుగా కొంటే టెక్సాస్‌లో అదీ అక్కర్లేదు. 2022లో అదే టెక్సాస్‌లో ఉవాల్డే స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు, నెల తిరిగేసరికి కొత్త కేంద్ర చట్టం వచ్చింది, 21 ఏళ్ళ లోపువాళ్ళు కొంటే ఇంకాస్త గట్టిగా చెక్ చేయాలని. అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి అమ్మలు అడిగీ అడిగీ ఉన్నారు కాబట్టే ఆ మాత్రమైనా వచ్చిందని నేను నమ్ముతాను.

మన బెంగళూరులోనూ 2017 సెప్టెంబర్ 5న జర్నలిస్టు గౌరీ లంకేశ్‌ని రాజరాజేశ్వరి నగర్‌లో ఇంటి ముందే కాల్చేస్తే, 'నాను గౌరి' (నేనే గౌరి) అని బోర్డులు పట్టుకుని ఎంతమంది రోడ్డు మీదకి వచ్చారో మీరూ చూసే ఉంటారు.

ఈసారి అమ్మాయి ఫోన్ చేస్తే తిట్టకండమ్మా. ఆ ఫ్రెండ్ వాళ్ళమ్మ ఏమందో అడగండి, గన్ లాకర్‌లో ఉందందా, బుల్లెట్లు వేరే చోట పెట్టి తాళం వేశామందా అని. అలా కాదంటే పిల్లలిద్దర్నీ మీ అమ్మాయి ఇంట్లోనే ఆడుకోనివ్వమనండి.