బ్యూటీ స్కూల్‌కి డబ్బు కట్టే ముందు

బుజ్జీ,

డాలస్‌లో బ్యూటీ స్కూల్‌కి అడ్వాన్స్ కట్టేస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. కాస్త ఆగు. టెక్సస్‌లో లైసెన్సు నువ్వు చేసే పనిని బట్టి ఉంటుంది. హెయిర్ కట్ నుంచి ఫేషియల్ దాకా అన్నీ చేసే కాస్మెటాలజీ ఆపరేటర్‌కి 1,000 గంటల కోర్సు, ఫేషియల్, వ్యాక్సింగ్ లాంటివి మాత్రమే చేసే ఎస్థెటీషియన్‌కి 750, గోళ్ల పనికి 600. నీకు కత్తెర పట్టడమంటేనే చిరాకు, చెయ్యి తిరిగింది ఫేషియల్‌లో, మరి ఆ అదనపు 250 గంటలు దేనికి? స్కూలువాళ్లు పెద్ద కోర్సే అంటగట్టాలని చూస్తారు, మొహమాటపడకు.

త్రెడింగ్‌కైతే లైసెన్సే అక్కర్లేదు. ఒకప్పుడు దానికీ 750 గంటలు అడిగేవాళ్లు, స్కూళ్లు త్రెడింగ్ నేర్పి తీరాలన్న రూలు మాత్రం లేదు, చూడు విడ్డూరం! త్రెడింగ్ చేసేవాళ్లు వేసిన పటేల్ కేసులో 2015లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ 750 గంటల రూలు కొట్టేసింది. కానీ పంటితో దారం పట్టుకుని కనుబొమ్మ చేస్తుంటే కుర్చీలో ఉన్నావిడ "పై పెదవికి కొంచెం వ్యాక్స్ పెట్టేయమ్మా" అంటుంది. అక్కడ లైసెన్సు కావాలి, సరేనని పెట్టేయకు.

కాలిఫోర్నియాలో అప్రెంటిస్‌గా చేరితే జీతం తీసుకుంటూ నేర్చుకోవచ్చని మీ వదిన చెప్పింది నిజమే, సెలూన్‌లో లైసెన్సున్నవాళ్ల దగ్గర రెండేళ్లు. అయితే అది ఉద్యోగం కిందికే వస్తుంది. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ వాళ్ల భార్యాభర్తలకిచ్చే వీసా మీద ఉండి, ఈఏడీ (పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు) లేకపోతే కుదరదు. చదువుకోవచ్చు గానీ, డబ్బు తీసుకుని పని చేయకూడదు. ఇంట్లో త్రెడింగ్ చేసి ఇరవై డాలర్లు తీసుకున్నా అంతే. వీసా దగ్గర ఆటలాడకు తల్లీ, దీనికి లాయర్ని అడుగు.

అమీర్‌పేటలో చేసిన బ్యూటీ కోర్సు సర్టిఫికెట్ దాచుకో, చేతి పనికి పనికొస్తుంది, ఇక్కడ గంటల్లోంచి తగ్గిస్తారని మాత్రం ఆశ పెట్టుకోకు. స్కూల్లో చేరాక నీ గంటలు రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ రికార్డులో ఎక్కుతున్నాయో లేదో ప్రతినెలా చూసుకో, స్కూలు మధ్యలో మూతపడితే నీకు మిగిలేది ఆ లెక్కే. పరీక్షలో శుభ్రత ప్రశ్నలు బోలెడు. కింద పడ్డ దువ్వెన తుడిచి వాడేసే మన అలవాటు ఇప్పుడే మానెయ్.

స్కూలు కాగితాలు ఫోటో తీసి పంపు, చూస్తాను. శనివారం మాత్రం ఫోన్ చెయ్యకు, పెళ్లిళ్ల సీజన్, తల ఎత్తడానికి కూడా తీరిక ఉండదు.