చిత్తూరు కంటే కాట్పాడిలో పెట్రోల్ రేటు ఎందుకు తక్కువ?
మా చిత్తూరోళ్ళు తమిళనాడులోని కాట్పాడి, వేలూరు పక్కకి పోతే బండికి ఫుల్ ట్యాంక్ కొట్టించుకునే వస్తారు, దాంట్లో వింతేం లేదు. 2017లో జీఎస్టీ వచ్చినా పెట్రోల్, డీజిల్‌ని దాంట్లో కలపలేదు, అందుకే ఏ రాష్ట్రం వ్యాట్ (అమ్మకం మీద వేసే పన్ను) దానిదే, తమిళనాడులో అది మనకంటే తక్కువ. మన ఆంధ్రాలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకి ఇంకో 4 రూపాయలు, రోడ్డు సెస్సని మళ్ళీ ఒక రూపాయి. ఆ 31 శాతం కూడా ఉత్త పెట్రోల్ ధర మీద కాదు సామీ, సెంటర్ వేసే ఎక్సైజ్ పన్ను కలిపినాక వచ్చే రేటు మీద, అంటే పన్ను మీద పన్ను, రేటు పెరిగితే రాష్ట్రం ఆదాయం దానంతటదే పెరుగుతాది. మరి తగ్గించొచ్చు కదా అంటారా, ఆ మాట ఏ పార్టీకైనా ప్రతిపక్షంలో ఉన్నప్పుడే గుర్తొస్తాది. పెట్రోల్, మందు, రిజిస్ట్రేషన్లు, బండ్ల ట్యాక్స్ తప్ప రాష్ట్రం సొంతంగా రేటు మార్చుకునే పన్నులు ఇంకేం పెద్దగా మిగల్లేదబ్బా.