యాత్రా సందేహాలు: గ్రాండ్ కేనియన్ మీద హెలికాప్టర్ విహారం

ప్రశ్న: అక్టోబరులో మేమిద్దరం డాలస్‌లోని మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాము. లాస్ వేగాస్ తీసుకెళ్లి, హెలికాప్టర్‌లో గ్రాండ్ కేనియన్ చూపిస్తానంటున్నాడు. పేరు ఒకటే అయినా ఒక విహారం ధర మరొకదానికి రెట్టింపు ఉంటోంది. మా వారికి మోకాళ్ల నొప్పులు, నాకు రక్తపోటు ఉన్నాయి. ఏది ఎంచుకోవాలో, బుక్ చేసే ముందు ఏమేమి అడగాలో తెలియజేయగలరు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ధరల్లో అంత తేడా రావడానికి మొదటి కారణం, గ్రాండ్ కేనియన్ అనే ఒకే పేరు మీద రెండు వేర్వేరు చోట్లను అమ్ముతూ ఉండడమే. కొలరాడో నది తొలిచిన ఈ లోయ నది వెంబడి దాదాపు 446 కిలోమీటర్ల పొడవున ఉంది. లాస్ వేగాస్ నుంచి బయలుదేరే హెలికాప్టర్లలో చాలా వరకు వెళ్లేది వెస్ట్ రిమ్ అనే పడమటి కొసకు. అది హువాలపై అనే ఆదివాసీ తెగవారి భూమి, జాతీయోద్యానంలో భాగం కాదు. క్యాలెండర్లలో, పోస్టర్లలో మనం చూసే మహాలోయ, ఒకటిన్నర కిలోమీటరుకు పైగా లోతున్నది, సౌత్ రిమ్ అనే దక్షిణపు అంచు వైపు ఉంది. దాని మీదుగా ఎగిరే హెలికాప్టర్లు ఆరిజోనాలో టుసాయన్ అనే చిన్న ఊరి విమానాశ్రయం నుంచి లేస్తాయి. వేగాస్ నుంచి అక్కడికి కారులో సుమారు 450 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు పడుతుంది.

లోయ అడుగున దిగి కాసేపు గడపాలని ఉంటే వెస్ట్ రిమ్ విహారమే తీసుకోవాలి, ఎందుకంటే జాతీయోద్యానం పరిధిలో పర్యాటక హెలికాప్టర్లు లోయ అంచుకు దిగువకు వెళ్లకూడదు. 1986 జూన్ 18న అక్కడ ఒక పర్యాటక విమానం, ఒక హెలికాప్టర్ ఆకాశంలో ఢీకొని 25 మంది మరణించాక, మరుసటి ఏడాది వచ్చిన చట్టంతో ఎగిరే దారులనూ ఎత్తులనూ కట్టడి చేశారు. అందువల్ల సౌత్ రిమ్‌లో దిగడం ఉండదు, కానీ కనిపించేది అసలు లోయ.

చేతిలో ఒక్క రోజే ఉంటే వేగాస్ నుంచే ఎగరండి. దారిలో హూవర్ డ్యామ్, లేక్ మీడ్ కూడా కనిపిస్తాయి. రెండు రోజులు కేటాయించగలిగితే మాత్రం నా ఓటు సౌత్ రిమ్‌కే. కారులో వెళ్లి, అంచున నిలబడి తనివితీరా చూసి, మర్నాడు ఉదయం అరగంట లోపు సాగే చిన్న విహారం తీసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, మీ వారి మోకాళ్లకూ శ్రమ తగ్గుతుంది. దిగే విహారంలో ఎత్తైన మెట్టు మీదుగా రెండుసార్లు ఎక్కి దిగాలి, ఎగుడుదిగుడు నేల మీద నడవాలి. ఏదైనా సరే, ఎక్కడానికి స్టూలు వేస్తారా అని ముందే అడగండి. టుసాయన్ విమానాశ్రయమే సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల ఎత్తున ఉంది కనుక, బయలుదేరే ముందు మీ వైద్యుణ్ణి ఒకసారి సంప్రదించండి.

ఇక అడగవలసినవి. ప్రకటనలో ‘మూడు గంటల విహారం’ అని ఉంటే, హోటల్ నుంచి తీసుకెళ్లే సమయం, వేచి ఉండే సమయం కూడా అందులో కలిపి ఉండవచ్చు. గాలిలో ఉండేది ఎన్ని నిమిషాలో విడిగా అడగండి. దిగే రుసుము, ఇంధన రుసుము, పన్నులు కలిపి మొత్తం ఎంతవుతుందో చెప్పమనండి. టికెట్లు అమ్మే వెబ్‌సైట్ ఒకటి, ఎగిరే సంస్థ మరొకటి కావడం మామూలే కాబట్టి, నడిపే సంస్థ పేరు తెలుసుకొని, అది అమెరికా విమానయాన శాఖ పార్ట్ 135 నిబంధనల కింద ఎగురుతోందా అని కనుక్కోవాలి; కొన్ని పర్యాటక విహారాలకు వర్తించే పార్ట్ 91 కంటే అవి కఠినమైనవి. 2018 ఫిబ్రవరిలో వెస్ట్ రిమ్ వద్ద ఒక హెలికాప్టర్ కూలి మంటలు రేగిన ప్రమాదంలో ఐదుగురు మరణించారు. ప్రమాదంలో ఇంధనం చిమ్మకుండా ఆపే ట్యాంకు 2020 ఏప్రిల్ తరువాత తయారైన హెలికాప్టర్లకు తప్పనిసరి. పాతవాటికి అది బిగించారా అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. రాయితీ గురించి బేరమాడే మనం ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం నాకు వింతగా ఉంటుంది.

అక్టోబరు మంచి ఎంపిక. వేసవి చివరి మధ్యాహ్నపు ఉరుముల వానలు అప్పటికి తగ్గుతాయి. అయినా ఉదయం విహారమే మేలు, గాలి కుదుపులు తక్కువగా ఉంటాయి, ఏటవాలు వెలుతురులో రాతి పొరలు విడివిడిగా కనిపిస్తాయి. ముదురు రంగు దుస్తులు వేసుకుంటే అద్దంలో మీ ప్రతిబింబం ఫోటోలకు అడ్డురాదు. ప్రయాణం నవంబరు మొదటి ఆదివారం దాటితే, ఆరిజోనా గడియారం వేగాస్ కంటే గంట ముందుంటుందని మీ అబ్బాయికి గుర్తుచేయండి.

ప్రశ్న: బుకింగ్‌లో ప్రతి ఒక్కరి బరువూ అడుగుతున్నారు. కాస్త తగ్గించి రాస్తే ఏమవుతుంది? ముందు సీటు కావాలని పట్టుబట్టవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తగ్గించి రాసినా కౌంటర్ దగ్గర మళ్లీ తూస్తారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది హెలికాప్టర్ సమతూకాన్ని బట్టి నిర్ణయిస్తారు గనుక, లెక్క తప్పితే మీ కుటుంబాన్ని విడదీసి కూర్చోబెట్టవచ్చు లేదా అదనపు సొమ్ము అడగవచ్చు. సుమారు 136 కిలోలు దాటినవారి నుంచి రెండో సీటుకు కూడా డబ్బు తీసుకోవడం చాలా సంస్థల పద్ధతి. కొన్నిచోట్ల ఆ హద్దు ఇంకా తక్కువ. అదనపు రుసుముకు ముందు సీటు అమ్మే సంస్థలూ ఉన్నాయి గానీ, సమతూకం కుదరకపోతే ఆ డబ్బు తిరిగి ఇస్తారా అన్నది ముందే తేల్చుకోండి.

ప్రశ్న: వాతావరణం బాగాలేక విహారం రద్దయితే డబ్బు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సంస్థే రద్దు చేస్తే సాధారణంగా డబ్బు తిరిగి ఇస్తారు లేదా మరో రోజు ఎక్కిస్తారు. మీరు మానుకుంటే మాత్రం 24 లేదా 48 గంటల ముందే చెప్పాలన్న షరతు ఉండవచ్చు. కనుక ఈ విహారాన్ని యాత్ర చివరి రోజుకు కాక మొదటి రోజుకే పెట్టుకోండి. రద్దయినా మరో ఉదయం మిగులుతుంది. పైలట్ సగంలో వెనక్కి తిప్పినా వాదించవద్దు. 2019 డిసెంబరులో హవాయిలోని కవాయి దీవిలో పర్యాటక హెలికాప్టర్ కొండను ఢీకొని ఏడుగురు మరణించినప్పుడు, మబ్బు కమ్మి దారి సరిగా కనిపించకపోయినా ప్రయాణం కొనసాగించడమే కారణమని దర్యాప్తులో తేలింది.