తలుపులోకి జారిపోయిన వ్యాన్ అద్దం గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. ఎడమ వైపు ముందు తలుపు అద్దం సగానికి జారి ఆగిపోయింది. స్విచ్ నొక్కితే లోపల గుర్రుమని చప్పుడు, అద్దం మాత్రం కదలదు. మోటారు పోయిందని, కొత్తది తెచ్చుకోమని ఎవరో చెప్పారని రాశావు. మోటారు పోతే ఆ చప్పుడెక్కడిదిరా? నీ వ్యాన్‌లో పోయింది రెగ్యులేటర్. మోటారు తిరుగుడును అద్దం ఎక్కడం దిగడంగా మార్చే ఇనప చట్రం అది. షాపులో కొందరు మెషీన్ అంటారు. ఆదివారం ఒక పూట చాలు, నువ్వే మార్చుకోవచ్చు. కాకపోతే విరిగిన దాన్ని మార్చేసి ఊరుకుంటే మళ్లీ విరుగుతుంది. అద్దం ఎందుకు బిగుసుకుందో కూడా చూడాలి. అదే అందరూ వదిలేసే పని.

ఆదివారం దాకా వాన పడకుండా ఆగదు కాబట్టి ముందు అద్దం పైకి లేపి పెట్టు. బయట ఒక అరచెయ్యి, లోపల ఒక అరచెయ్యి ఆనించి నొక్కిపట్టి నెమ్మదిగా పైకి జరుపు. పై అంచు ఫ్రేములో కూర్చున్నాక మాస్కింగ్ టేపు నాలుగు పట్టీలు లోపలి అద్దం మీద నుంచి ఫ్రేము పైగా బయటి అద్దం మీదికి అంటించు. గోధుమరంగు ప్యాకింగ్ టేపు వాడకు, ఎండకి దాని జిగురు పెయింటుకి పట్టేస్తుంది. ఈలోగా ఆ స్విచ్ జోలికి ఎవరినీ పోనివ్వకు.

మిగతా తలుపులూ ఏదో రోజు మొరాయిస్తాయి కనుక రోగం పట్టుకునే పద్ధతి చెబుతాను. అన్ని అద్దాలూ ఒకేసారి ఆగిపోతే తలుపు విప్పాల్సిన పని లేదు. మిగతా తలుపుల స్విచ్‌లే పనిచేయకపోతే డ్రైవర్ దగ్గరున్న విండో లాక్ బటన్ ఎవరి మోచెయ్యో తగిలి పడిందేమో చూడు, డ్రైవర్ స్విచ్‌లతోనూ కదలకపోతే ఫ్యూజు, ఆ తర్వాత రిలే (స్విచ్ నొక్కితే కరెంటు వదిలే చిన్న డబ్బా). ఫ్యూజు సాధారణంగా 20 నుంచి 30 ఆంపియర్లది ఉంటుంది. పసుపు 20, తెలుపు 25, ఆకుపచ్చ 30. పోయిన చోట అదే రంగు పెట్టు. పెద్దది పెడితే కాలేది వైరింగు.

ఒక్క అద్దమే ఆగిపోయి, ఆ తలుపు స్విచ్‌తో పనిచేస్తూ డ్రైవర్ స్విచ్‌తో పనిచేయకపోతే లోపం డ్రైవర్ స్విచ్‌లో ఉన్నట్టు. రెండింటితోనూ కదలక, చప్పుడు కూడా లేకపోతే రాత్రిపూట లోపలి లైటు వేసి స్విచ్ నొక్కు. లైటు కొంచెం మసకబారితే మోటారుకి కరెంటు అందుతోంది, ఎక్కడో పట్టేసింది. లైటు చలించకపోతే కరెంటు చేరడం లేదు, లేదా మోటారు లోపలే తెగింది. అప్పుడు స్విచ్ నొక్కిపట్టి తలుపును మెల్లగా తెరిచి మూయి. మధ్యలో ఒక్క క్షణం అద్దం ఉలిక్కిపడిందా, కీలు దగ్గర రబ్బరు గొట్టంలో వైరు తెగినట్టే. రోజుకి వందసార్లు తెరుచుకునే తలుపుకి ఇది మామూలే, డ్రైవర్ వైపు మరీను.

మోటారుని తేల్చాలంటే వోల్టులు కొలిచే మల్టీమీటరే న్యాయమూర్తి. రెండు వైర్ల మోటారైతే కనెక్టర్ ఊడదీసి మీటరు రెండు కొనలూ ఆ రెండు పిన్నులకి ఆనించి స్విచ్ నొక్కు. పైకి నొక్కితే 12 వోల్టులు, కిందికి నొక్కితే మైనస్ 12 కనిపించాలి. ఈ మోటార్లకి విడిగా ఎర్త్ ఉండదు, రెండు వైర్లూ తారుమారై దిక్కు మారుతుంది. అది తెలియక మీటరు ఒక కొనని వ్యాన్ బాడీకి పెట్టి కొలిచి తికమకపడతారు. 12 వస్తున్నా మోటారు తిరగకపోతే అప్పుడు మోటారు కొను. తలుపుకి లోపలివైపు కప్పి ఉండే ప్యాడ్ మీద గుద్దినప్పుడల్లా తిరిగే మోటారుకి లోపల బ్రష్‌లు, అంటే కరెంటు అందించే బొగ్గు ముక్కలు, అరిగినట్టు. ఇంకొకటి, మోటారు వేడెక్కితే దానంతట అది ఆగిపోయే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. పదిసార్లు నొక్కి చచ్చిందనుకోకు, పావుగంట ఆగి చూడు. ఒక్క నొక్కుతో అద్దం మొత్తం ఎక్కే రకం మోటారుకి ఐదారు పిన్నులుంటాయి, లోపల సర్క్యూటు ఉంటుంది. దానికి బ్యాటరీ వైర్లు నేరుగా తగిలించకు, ఆ సర్క్యూటు కాలిపోవచ్చు.

ఇక నీ తలుపు. 10 నంబరు పానా, సాకెట్, స్టార్ స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ ప్యాడ్ తీసే గరిట, గట్టి చేతి తొడుగులు, తెల్ల లిథియం గ్రీజు, సిలికాన్ స్ప్రే, డోర్ ప్యాడ్ క్లిప్పులు ఒక పది సిద్ధం చేసుకో. క్లిప్పులు రెండుమూడు విరగకుండా ప్యాడ్ రావడం అరుదు. ప్యాడ్ స్క్రూలు చేతిపట్టు కింద మూతలోనూ, లోపలి హ్యాండిల్ వెనకా దాక్కుని ఉంటాయి. అన్నీ తీశాక కింది మూల నుంచి గరిట పెట్టి లేపుతూ రా, చివరికి ప్యాడ్‌ని పైకెత్తితే అద్దం అంచు దగ్గర కొక్కెం వదులుతుంది. ఒక్కసారిగా లాగకు. వెనకాల స్విచ్ వైరూ, హ్యాండిల్ కేబులూ వేలాడుతుంటాయి. ప్రతి దశలోనూ ఫోనులో ఫొటో తీసుకో.

లోపల నల్లజిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది. చాలామంది దాన్ని చింపి పారేస్తారు. ఆ తర్వాత వానాకాలంలో మ్యాటు కింద నీళ్లెక్కడివని వెతుక్కుంటారు. అద్దం మీద పడ్డ వాన తలుపు లోపలి నుంచే దిగి అడుగు రంధ్రాల్లోంచి పోతుంది, ఆ షీటే దాన్ని నీ కాళ్ల వైపు రానివ్వదు. నెమ్మదిగా ఒలిచి జిగురుకి దుమ్ము అంటకుండా పక్కన పెట్టు.

ఇప్పుడు లైటు వేసి చూడు. రెగ్యులేటర్ రెండు రకాలు. సన్నటి తీగ, పుల్లీలు, పట్టాల మీద జారే ప్లాస్టిక్ ముక్క ఉంటే కేబుల్ రకం. కత్తెరలా దాటుకునే ఇనప చేతులు, పళ్ల రేకు ఉంటే కత్తెర రకం. నీ వీడియోలో చప్పుడుని బట్టి కేబుల్ రకమే, తీగ పీచుపీచై డ్రమ్ము చుట్టూ చిక్కుపడి ఉంటుంది, లేదా జారే ముక్క విరిగి ఉంటుంది. తీగ ఒక్కటే కొని చుట్టే ప్రయత్నం చెయ్యకు. బిగువు సరిగ్గా కుదరదు, నెలలోపే ఊడుతుంది. మొత్తం సెట్టు మార్చు.

కత్తెర రకమైతే ఇక్కడ ఆగి రెండుసార్లు చదువు. అద్దం బరువు మోయడానికి దానికి గడియారం స్ప్రింగులాంటి బలమైన స్ప్రింగు ఉంటుంది. మోటారు బోల్టులు విప్పగానే పళ్ల రేకు విసురుగా తిరుగుతుంది, వేలు మధ్యలో ఉంటే నలిగిపోతుంది. మోటారు విప్పేముందే రేకునీ అడుగు పలకనీ కలిపి బోల్టో, సీ క్లాంపో బిగించు. తొందరపడేచోటు ఇది కాదు.

అద్దాన్ని పట్టుకున్న రెండు బోల్టులు తలుపు లోపలి రంధ్రాల్లో కనబడే ఎత్తుకి అద్దం తెచ్చి అవి విప్పు. తర్వాత అద్దాన్ని పూర్తిగా పైకి లేపి టేపు వెయ్యి, ఈసారి ఆరు పట్టీలు. అప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యి. ఇది వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచిన అద్దం. నడుమ గుద్దినా తట్టుకుంటుంది కానీ అంచుకి పానా తగిలితే క్షణంలో పప్పుబద్దల్లా రాలిపోతుంది. రెగ్యులేటర్ బోల్టులు విప్పి పెద్ద రంధ్రంలోంచి ఏటవాలుగా తిప్పి బయటికి తియ్యి. కొన్ని వ్యాన్‌లలో బోల్టుల బదులు రివెట్లుంటాయి. 6 మిల్లీమీటర్ల బిట్టుతో తలలు డ్రిల్ చేసి, బిగించేటప్పుడు పొట్టి 6 మిల్లీమీటర్ల బోల్టులూ, అదురుకి వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉండే నైలాక్ నట్లూ వాడు. తల అద్దం వైపు ఉండాలి, తోక అటు ఉంటే అద్దానికి గీతలు పడతాయి. లోపల రాలిన ఇనప పొడి ఊడ్చెయ్యి, లేకపోతే తుప్పుకి అదే విత్తనం.

పాత సెట్టు చేత్తో పట్టుకునే ఆటోనగర్‌కి వెళ్లు. ఎడమకి ఎల్‌హెచ్, కుడికి ఆర్‌హెచ్ అని ఉంటుంది, రెండూ చూడ్డానికి ఒకలాగే ఉండి బోల్టు రంధ్రాల దగ్గర ఏడిపిస్తాయి. కేబుల్ రకానికి నీ పాత మోటారునే బిగించుకోవచ్చు. కొత్త సెట్టుకి డ్రమ్ము కదలకుండా కట్టిన ప్లాస్టిక్ పట్టీని మోటారు కూర్చున్నాకే కొయ్యి, ముందే కోస్తే తీగంతా ఊడి నీ ఒళ్లోకి వస్తుంది.

కొత్తది పెట్టేముందు అద్దం అంచులు జారే చానల్ రబ్బరు చూడు. ఎండకి బిరుసెక్కి, దుమ్ము గట్టిపడి ఉంటుంది. కిటికీ ఫిల్ము అంచు లేచి అందులో మడతపడినా అద్దం పట్టేస్తుంది. ఇదే అసలు దోషి. మోటారు లాగుతుంటే అద్దం రాదు, మధ్యలో ఉన్న ప్లాస్టిక్ ముక్క బలైపోతుంది. స్క్రూడ్రైవరుకి సబ్బునీళ్ల గుడ్డ చుట్టి పైనుంచి కిందిదాకా తోము, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టు. ఇంజనాయిలు, గ్రీజు రబ్బరుకి రాయకు, ఉబ్బిపోయి దుమ్ముని ముద్దగా పట్టుకుంటుంది. గ్రీజు ఇనప పట్టాలకే. తర్వాత టేపు తీసి అద్దాన్ని రెండు చేతులతో ఎత్తి దించి చూడు. చేతికే బరువుగా ఆడితే మోటారుకి ఇంకెంత కష్టమో ఆలోచించు. అలాగైతే రబ్బరు మార్చాల్సిందే.

బిగింపులో ఒక కిటుకు. అద్దం బోల్టుల దగ్గరున్న ప్లాస్టిక్ వాషర్లు మానకు, ఇనుము నేరుగా అద్దానికి తగిలితే పగులుతుంది. అన్ని బోల్టులూ సగమే బిగించి బ్యాటరీ తగిలించి, స్విచ్ బోర్డు వైరు పెట్టి, అద్దాన్ని నెమ్మదిగా పైదాకా ఎక్కించు. ఫ్రేములో నిటారుగా కూర్చున్నాక అక్కడే ముందు రెగ్యులేటర్ బోల్టులు బిగించు. తర్వాత అద్దం బోల్టులు కనబడే ఎత్తుకి దించి, పానాని మెడ దగ్గర పట్టుకుని వేళ్ల బలంతోనే వాటిని బిగించు. ఒక్క నొక్కుతో ఎక్కే రకమైతే బ్యాటరీ తీసిన తర్వాత అద్దం ఎక్కడ ఆగాలో మరిచిపోతుంది. చాలావాటిలో అద్దం పూర్తిగా ఎక్కాక కూడా స్విచ్‌ని మరికొన్ని సెకన్లు పైకి పట్టి ఉంచితే మళ్లీ నేర్చుకుంటుంది.

షీటు అంటించేముందు తలుపు అడుగు రంధ్రాల్లో పుల్ల పెట్టి మట్టి తియ్యి. ప్యాడ్ నొక్కేముందు మాత్రం ఒక పరీక్ష ఉంది. తలుపు తెరిచే ఉంచి, తాళం గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో మూసి, లోపలి హ్యాండిల్‌తోనూ బయటి హ్యాండిల్‌తోనూ వదులుతుందో లేదో చూడు. కేబులో, రాడ్డో తగిలించడం మరిచి తలుపు మూశావంటే, మూసి ఉన్న తలుపు ప్యాడ్ విప్పడం నీ తరం కాదు, నా తరమూ కాదు.

తీసిన రెగ్యులేటర్ ఎక్కడ విరిగిందో దగ్గరగా ఫొటో తీసి పంపు. అక్కయ్యని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మామయ్య