శిక్ష తక్కువ వేశారని అప్పీలుకు పోవచ్చా? మా నాయన కేసులో ఏం జరిగిందంటే

ఆదోని నుంచి అడిగినన్నకు. మీ మేనమామను ట్రాక్టర్ గుద్ది చంపితే డ్రైవర్‌కు ఏడు వేలు జరిమానా వేసి పంపేసినారు, మనిషి ప్రాణానికి కనీస శిక్ష అంటూ లేదా, గవర్నమెంటు అప్పీలుకు పోకపోతే మేమే పోవచ్చా అని అడిగినారు. నేను లాయర్‌ను కాదు. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల కమీషన్ కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. ఇట్లాంటి కేసే మా ఇంట్లో జరిగింది కాబట్టి చెబుతున్నా.

ముందు తీర్పు తేదీ చూసుకోండి. మిగతాదంతా తర్వాత.

2017 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా నాయన టీవీఎస్ మీద వెల్దుర్తి నుంచి కర్నూలుకు వస్తుంటే హైవే మీద వెనక నుంచి లారీ గుద్దింది. డ్రైవర్‌ది తమిళనాడులో నామక్కల్ వైపు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు పీనల్ కోడ్‌లోని 304ఏ సెక్షన్ కింద కేసు కట్టినారు. దానికి రెండేళ్లు జైలని స్టేషన్‌లో ఎవరో అంటే మేం అదే పట్టుకుని కూర్చున్నాం. సెక్షన్‌లో ఉండేది రెండేళ్ల వరకు అని. ఆ ‘వరకు’ అనే మాట మాకు అప్పుడు వినపడలేదు. పై గీత ఉంది, కింది గీత లేదు. ఒక్క రోజు జైలు లేకుండా ఉత్త జరిమానాతో వదిలినా చట్టానికి తప్పు కాదు. 2024 జూలై నుంచి ఆ పీనల్ కోడ్ బదులు వచ్చిన న్యాయ సంహితలో 106వ సెక్షన్ పెట్టి పై గీతను ఐదేళ్లకు పెంచినారు. అందులో జైలు, జరిమానా రెండూ వేయాలి గానీ, కనీసం ఇన్ని రోజులని కింది గీత అందులోనూ గీయలేదు.

డ్రైవర్ ఒక వాయిదాకు వచ్చి తప్పు ఒప్పుకున్నాడు. ఐదు వేలు జరిమానా. ఆ మధ్యాహ్నమే కట్టి వెళ్లిపోయినాడు. మాకు తెలిసింది నలభై రోజులకు, అది కూడా నష్టపరిహారం కేసులో ఇన్సూరెన్స్ వాళ్ల లాయర్ ఆ తీర్పు కాపీ తెచ్చి పెడితే! కోర్టు కానిస్టేబుల్‌ను పోయి అడిగితే, “మీరు సాక్షులే గదప్పా, వాడు ఒప్పుకున్నాక సాక్షులతో ఏం పని?” అన్నాడు. ఆయన తప్పుగా ఏం మాట్లాడలేదు. కేసు పేరే రాష్ట్రం వర్సెస్ డ్రైవర్. అందులో మా నాయన లేడు, మేమూ లేము.

ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయర్, ఏపీపీ గారి దగ్గరికి పోయినాం. మంచిగానే కూర్చోబెట్టి చెప్పినారు. శిక్ష చాలలేదని అప్పీలు వేసే హక్కు ప్రభుత్వానిది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 377, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 418, నంబరు మారింది గానీ సంగతి ఒకటే. మెజిస్ట్రేట్ వేసిన శిక్షయితే సెషన్స్ కోర్టుకు, సెషన్స్ వేసినదైతే హైకోర్టుకు. సెషన్స్‌కు 30 రోజులు, హైకోర్టుకు 60 రోజులు గడువు. ఏపీపీ తన అభిప్రాయం రాసి పైకి పంపొచ్చు గానీ వేయమని చెప్పాల్సింది ప్రభుత్వం. మా ముప్పై రోజులు అప్పటికే పోయినాయి. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ పెట్టొచ్చు, అది కూడా ప్రభుత్వమే పెట్టాలి. అర్జీ ఇచ్చినాం. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు కాగితం పోతానే ఉండింది. ఇంకో నలభై రోజులు అట్లే గడిచినాయి. జవాబు ఈరోజుకూ రాలేదు.

మీరే అప్పీలు వేయొచ్చా అంటే, శిక్ష పెంచమని వేయలేరు. బాధితులకు 2009 చివర్లో ఇచ్చిన అప్పీలు హక్కు మూడింటికే: నిందితుణ్ణి విడిచిపెట్టేసినా, చిన్న నేరం కింద శిక్ష వేసినా, పరిహారం తక్కువైనా. 2020లో సుప్రీంకోర్టు పర్వీందర్ కన్సల్ కేసులో ఇదే మాట ఖాయం చేసింది. మరి దారి లేదా అంటే ఉంది, దాని పేరు రివిజన్, అంటే కింది కోర్టు చేసింది సరిగా ఉందో లేదో చూడమని పై కోర్టును అడగడం. దీని గడువు 90 రోజులు. మాకు ఈ సంగతి చెప్పింది ఏ లాయరూ కాదు, ఒక ముసలి గుమస్తా. ఎనభై ఆరో రోజున కర్నూలు సెషన్స్ కోర్టులో వేసినాం. హైకోర్టంటే ఎంత దూరమో మీకు తెలుసు, ఇక్కడికి బెంచి వస్తుంది వస్తుంది అని వింటూనే ఉన్నాం గదా.

రివిజన్‌లో డ్రైవర్ మాట కూడా వినకుండా శిక్ష పెంచకూడదు. నామక్కల్‌కు పంపిన నోటీసు మూడుసార్లు తిరిగొచ్చింది. ఏడాదిన్నర పట్టింది. మా లాయర్ 2015 నాటి సౌరభ్ బక్షి తీర్పు చూపించినాడు. అందులో హైకోర్టు ఇట్లాంటి కేసులోనే ఇరవై నాలుగు రోజుల జైలు చాలంటే, పంజాబ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయి ఆరు నెలలు చేయించింది. మా కేసులో చివరికి మూడు నెలలు వేసినారు. మీకు ప్రభుత్వ అప్పీలే దొరికితే ఇంకోటి గుర్తుపెట్టుకోండి: అందులో నిందితుడు శిక్ష తగ్గించమని, అసలు కేసే కొట్టేయమని కూడా వాదించుకోవచ్చు. సాక్ష్యం బలహీనంగా ఉంటే ఆలోచించి దిగండి.

ఇక కనీస శిక్ష సంగతి. అది పెట్టుంటే బాగుండేదని రెండేళ్లు నేనూ అన్నా. వరకట్న చావుకు ఏడేళ్లు, ఇరవై కిలోలు దాటిన గంజాయికి పదేళ్లు, చిన్నపిల్లల మీద తీవ్రమైన అత్యాచారానికి 2019 నుంచి ఇరవై ఏళ్లు, అంతకు ఒక్క రోజు తగ్గించడానికి జడ్జికి వీల్లేదు. పొరపాటున తగ్గిస్తే ఆ శిక్షే చెల్లదు. అయితే మా వీధిలో ఒక పిల్లోడు, ఇరవై నాలుగేళ్లవాడు, రాత్రిపూట కొడవలి చూపించి ఒకాయన దగ్గర సెల్ ఫోన్ లాక్కున్నాడు. ఎవరికీ గాయం కూడా కాలేదు. మారణాయుధంతో దోపిడీకి ఉండిన పీనల్ కోడ్ 397వ సెక్షన్ కింద ఏడేళ్లు. సెక్షన్ రుజువయ్యాక తగ్గించే దారి లేదని జడ్జి గారు నిండు కోర్టులో చెప్పినారంట. మా నాయనను చంపిన మనిషికి ఐదు వేలు, సెల్ ఫోన్‌కు ఏడేళ్లు. ఈ రెండూ చూసినాక కింది గీత గీయడం కన్నా, శిక్ష వేసే రోజు ఫలానా అని చనిపోయిన మనిషి ఇంటికి ఒక్క ఫోన్ చేయడం మేలనిపించింది. ఆరోజు మా అమ్మ కోర్టులో నిలబడి ఉంటే జరిమానాతో పోయేది కాదని ఇప్పటికీ అనుకుంటా. ఏమో, పోయేదేమో కూడా.

మీరు తీర్పు పోయిన నెలలో వచ్చిందన్నారు. అంటే రివిజన్‌కు టైముంది. ముప్పై రోజులు నిండకపోతే ఏపీపీకి ఈరోజే అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. సర్టిఫైడ్ కాపీకి రేపే అప్లికేషన్ పెట్టండి. కాపీ ఇవ్వడానికి కోర్టుకు పట్టిన రోజులు గడువులో కలపరు. అప్లికేషన్ పెట్టిన తేదీ, కాపీ రెడీ అయిన తేదీ రెండూ కాపీ మీద స్టాంపులో ఉంటాయి, చేతికి రాగానే అక్కడే సరిచూసుకోండి.